ఫాస్ఫో ఎర్క్ యాంటీబాడీ: తొమ్మిదేళ్లు వాడాక చెప్తున్న మాట

మా ల్యాబ్ మైనస్ 20 ఫ్రీజర్ రెండో అరలో ఒక నీలం పెట్టె ఉంటుంది. మూత మీద మార్కర్‌తో "అడక్కుండా తీయొద్దు" అని రాసింది నేనే. లోపల పది పన్నెండు యాంటీబాడీలున్నా (ఒక్కోటి ఒక్కో ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే సాధనం) ఆ కాపలా అంతా ఒక్క గొట్టం కోసమే. సెల్ సిగ్నలింగ్ టెక్నాలజీ వాళ్ల కేటలాగ్‌లో దాని నంబర్ 4370. పూర్తి పేరు ఫాస్ఫో పి44/42 మ్యాప్ కైనేజ్, క్లోన్ డి13.14.4ఈ, కుందేలు మోనోక్లోనల్. అంత పేరు మా దగ్గర ఎవరూ పలకరు. "అక్కా, ఫాస్ఫో ఎర్క్ కొంచెం ఇస్తారా?" అంటారు, పక్కింటికొచ్చి చక్కెర అడిగినట్టు. నేనూ అంతే పిసినారిగా ఎన్ని మైక్రోలీటర్లని అడుగుతాను.

హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ బయాలజీ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసి, అక్కడే ఇంకో ప్రాజెక్టులో ఉండిపోయినదాన్ని. ఈ యాంటీబాడీని తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను. కంపెనీ వైపు నుంచి ఇన్నేళ్లలో నాకు ముట్టింది గోడకు తగిలించుకునే పాత్‌వే పోస్టర్ ఒక్కటే, అదీ కాన్ఫరెన్స్ స్టాల్‌లో అందరికీ పంచింది. కాబట్టి ఉన్నది ఉన్నట్టే రాస్తాను. కొత్తగా ల్యాబ్‌లో చేరి, మొదటి ఫాస్ఫో బ్లాట్ ఖాళీగా వచ్చి, టెన్షన్ పడుతూ కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే ముఖ్యంగా వాళ్ల కోసం. బ్లాట్ అంటే వెస్టర్న్ బ్లాట్: కణాల ప్రోటీన్లను జెల్‌లో బరువును బట్టి విడగొట్టి, మెంబ్రేన్ అనే పలుచటి పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీతో వెతకడం. ఒక్కో శాంపిల్ నడిచే వరస లేన్, యాంటీబాడీ పట్టిన చోట పడే గీత బ్యాండ్.

ముందు ఇది చేసే పని. కణం బయట గ్రోత్ ఫ్యాక్టర్ తగిలితే ఆ కబురు రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే నాలుగు ప్రోటీన్ల చేతులు మారుతూ న్యూక్లియస్ దాకా వెళ్తుంది. ఎర్క్ మామూలుగా కణంలో ఎప్పుడూ ఉండేదే. దానికి కబురు అందిందా లేదా అన్నది తెలిసేది మెక్ వచ్చి రెండు ఫాస్ఫేట్లు తగిలించినప్పుడు. ఎర్క్1 లో 202వ త్రియోనిన్ మీద ఒకటి, 204వ టైరోసిన్ మీద ఒకటి. ఎర్క్2 లో అవే చోట్లు 185, 187. ఈ యాంటీబాడీ ఫాస్ఫేట్ ఉన్న ఎర్క్‌ను మాత్రమే పట్టుకుంటుంది, లేనిదాని జోలికి పోదు.

ఫాస్ఫేట్ అనగానే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకొస్తారు. ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రచురించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో నేనూ చేశాను. గొట్టంలో నీలం రంగు ఎంత చిక్కబడితే అంత ఫాస్ఫేట్. శాంపిల్ మొత్తంలో ఎంత ఉందో అది చెప్తుంది. ఇప్పుడు మనం అడుగుతున్నది వేల రకాల ప్రోటీన్ల గుంపులో ఒక్క ప్రోటీన్ మీద, ఫలానా రెండు చోట్ల ఫాస్ఫేట్ ఉందా అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పని ఈ చిన్న గొట్టానిది.

ఆ రెండు చోట్ల మధ్య ఒకే ఒక్క అమైనో యాసిడ్ ఉంటుంది. ఎర్క్‌లో అది గ్లూటమిక్ యాసిడ్. దాయాదులైన జేఎన్‌కేలో ఆ చోట ప్రోలిన్, పి38 లో గ్లైసిన్. అటూ ఇటూ త్రియోనిన్, టైరోసిన్ మాత్రం అన్నిట్లోనూ ఒకటే. అంటే పొరబడటానికి అన్ని అవకాశాలూ ఉన్న చోటు అది. జేఎన్‌కే, పి38 లను పట్టదని డేటాషీట్‌లో రాసి ఉంటుంది. నాకు ఊరికే నమ్మే అలవాటు లేదు. యూ0126 వేసి మెక్‌ను ఆపేసి, అనిసోమైసిన్‌తో పి38 ని లేపి చూశాను. అదే శాంపిల్‌లో ఫాస్ఫో పి38 యాంటీబాడీతో బ్యాండ్ భగ్గుమంది. దీంతో ఆ లేన్ ఖాళీ. ఆ రోజు నుంచి ఆ విషయంలో నాకు అనుమానం లేదు.

ఇక నా మొదటి బ్లాట్ సంగతి. మే నెల. హీలా అనే క్యాన్సర్ సెల్స్‌ను రాత్రంతా సీరమ్ లేకుండా ఉంచి, పొద్దున ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ వేసి, 0, 5, 15, 30, 60 నిమిషాలకు తీయాలి. పుస్తకం ప్రకారం 0 దగ్గర ఏమీ ఉండకూడదు, 5 దగ్గర ఎగసిపడాలి, 60 కల్లా సద్దుమణగాలి. నాకు వచ్చిందేమిటంటే తెల్లటి మెంబ్రేన్. మార్కర్ రంగులు తప్ప ఏమీ లేదు. అయిదు నిమిషాలు ఎక్స్‌పోజర్ ఇస్తే మెంబ్రేన్ అంచు మీద నా గ్లవ్ ముద్ర మాత్రం చక్కగా పడింది.

యాంటీబాడీ పాడైందని తేల్చేశాను. అది వచ్చిన తీరు కూడా అలాగే ఉంది మరి. మాకు సరుకు తెచ్చిపెట్టే ఏజెన్సీ కుర్రాడు మధ్యాహ్నం రెండు గంటల ఎండలో బైక్ మీద తెచ్చాడు. థర్మాకోల్ డబ్బాలో జెల్ ప్యాక్ కరిగి నీళ్లయి ఉంది. సంతకం పెట్టిన పాపం నాదే. ఏడుపు మొహంతో మా సీనియర్ అక్క దగ్గరికి వెళ్లి, "అక్కా, ఎండలో చచ్చిపోయినట్టుంది" అన్నాను.

ఆవిడ గొట్టం ముట్టుకోనైనా లేదు. "వెనడేట్ ఎవరు చేశారు?" అని అడిగింది.

"ఫ్రిజ్‌లో ఉన్నదే వేశాను."

"ఏ రంగులో ఉంది?"

"పచ్చగా."

"మరగబెట్టావా?"

సోడియం ఆర్థోవెనడేట్‌ను మరగబెట్టాలని నాకు ఆ రోజే తెలిసింది. సెల్స్‌ను పగలగొట్టగానే లోపల ఉన్న ఫాస్ఫటేజ్‌లు బయటపడి ఫాస్ఫేట్లను ఊడబీకేస్తాయి. వాటిలో టైరోసిన్ మీద పడేవాటిని ఆపేందుకే వెనడేట్. కానీ నీళ్లలో కలిపి ఊరుకుంటే దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని పసుపు రంగుకు తిరుగుతాయి. అలా ఉన్నది పనికిరాదు. పీహెచ్ 10 కు తెచ్చి, రంగు పోయేదాకా మరగబెట్టి, చల్లారాక మళ్లీ పీహెచ్ చూసి, పసుపు తిరిగొస్తే మళ్లీ మరగబెట్టి, నీళ్లలా నిలిచేదాకా చేసి, చిన్న చిన్న గొట్టాల్లో పోసి ఫ్రీజ్ చేయాలి. మా ఫ్రిజ్‌లో పచ్చగా మెరుస్తున్న సీసా ఎప్పటిదో లేబుల్ కూడా చెరిగిపోయింది. దాన్ని వేసి బఫర్ చేసుకుని, సెల్స్‌ను అరగంట తీరిగ్గా లైస్ చేసి (అంటే పగలగొట్టి), ఫాస్ఫేట్ కనపడలేదని కుందేలు యాంటీబాడీని తిట్టుకున్నాను.

కొత్త వెనడేట్, దాంతో పాటు మిగతా ఫాస్ఫటేజ్‌లను ఆపే సోడియం ఫ్లోరైడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ వేసి మళ్లీ చేశాను. ఎండలో వచ్చిన అదే గొట్టం. ఈసారి 44 కిలోడాల్టన్ల బరువు దగ్గర ఒకటి (ఎర్క్1), 42 దగ్గర ఒకటి (ఎర్క్2), పలక మీద గీసిన జంట గీతల్లా వచ్చాయి. సగానికి సగం గ్లిసరాల్‌లో ఉంటుంది కాబట్టి మైనస్ 20 లో కూడా ఇది గడ్డకట్టదు, ఒక మధ్యాహ్నం ఎండకు చావలేదు. అయినా అప్పటి నుంచి ఏజెన్సీ వాళ్లకు వేసవిలో పొద్దున పదిలోపే తెమ్మని చెప్తున్నాం. వింటే వింటారు.

సంబరం రెండు రోజులే. బ్యాండ్లు వచ్చాయి సరే, అన్ని లేన్లలోనూ ఒకేలా వచ్చాయి. 0 నిమిషాల దగ్గర ఎంత ఉందో 5 నిమిషాల దగ్గరా దాదాపు అంతే. మళ్లీ అక్క దగ్గరికి. ఆవిడ ఈసారి అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ మాటకు మాట గుర్తుంది. "కల్చర్ రూమ్ నుంచి ఇక్కడికి ప్లేట్ పట్టుకుని ఎంతసేపు నడిచావు?"

మా కల్చర్ రూమ్ రెండో అంతస్తులో, బెంచ్ కింద అంతస్తులో. లిఫ్ట్ రాలేదని మెట్లు దిగుతూ, మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే వరండాలో నిలబడి మాట్లాడాను. చేతిలో ప్లేట్ ఊగుతూనే ఉంది. ఎర్క్‌కు అది చాలు. మీడియం అటూ ఇటూ కదిలినా, మీడియం మార్చినా, చల్లగాలి తగిలినా సెల్స్ ఉలిక్కిపడతాయి, ఎర్క్ మీద ఫాస్ఫేట్లు ఎక్కుతాయి. ట్రిప్సిన్ వేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఆ తర్వాత లైస్ చేస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. నా 0 నిమిషాల శాంపిల్ నిజానికి మెట్లు దిగిన శాంపిల్.

ఈ యాంటీబాడీ గురించి నేను గట్టిగా చెప్పగలిగే మాట ఇదొక్కటే. ఇది మన ప్రయోగం కన్నా ముందు మన చేతి పనితీరును చూపిస్తుంది. ఖాళీ వచ్చినా, మోత మోగినా, పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు గొట్టంలో లేదు, గొట్టానికి ముందు గంటలో ఉంది. నా తొమ్మిదేళ్లలో ఇది నాకు అబద్ధం చెప్పిన సందర్భం ఒక్కటీ గుర్తు లేదు. నాకు నచ్చని నిజాలు మాత్రం చాలానే చెప్పింది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఐస్ డబ్బా కల్చర్ రూమ్‌కే పట్టుకెళ్తాను. సమయం కాగానే మీడియం లాగేసి, చల్లటి పీబీఎస్ ఉప్పు ద్రావణంతో ఒక్కసారి కడిగి, ప్లేట్‌లోకే నేరుగా వేడి ఎస్డీఎస్ శాంపిల్ బఫర్ పోసి గీకేస్తాను. ఎస్డీఎస్ అనే డిటర్జెంట్ తగిలాక ఏ ఫాస్ఫటేజ్ అయినా చేతులెత్తేయాల్సిందే. జిగురు జిగురుగా వచ్చే డీఎన్‌ఏను పది పదిహేను సెకన్ల సోనికేషన్‌తో విడగొట్టి, 95 డిగ్రీల్లో 5 నిమిషాలు. ప్రోటీన్ కొలుచుకోవడం కష్టమవుతుంది, నిజమే. దానికోసం పక్క ప్లేట్ ఒకటి పెంచుకుంటాను.

బ్లాకింగ్ (యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా మెంబ్రేన్‌ను ముందే వేరే ప్రోటీన్‌తో కప్పేయడం) గురించి ఒక మాట, ఎందుకంటే దీని మీద ప్రతి ల్యాబ్‌లోనూ మతం నడుస్తోంది. ఫాస్ఫో యాంటీబాడీ అంటే పాలపొడి ముట్టుకోకూడదని అందరూ భయపెడతారు. పాలలో కేసీన్ ఉంటుంది, అది ఫాస్ఫోప్రోటీనే, నిజం. కానీ ఈ కంపెనీ ప్రోటోకాల్ తెరిచి చదివితే బ్లాకింగ్ 5 శాతం పాలపొడితోనే అని ఉంటుంది. ప్రైమరీ యాంటీబాడీని, అంటే ప్రోటీన్‌ను నేరుగా పట్టుకునే మన గొట్టంలోదాన్ని, కలిపేది మాత్రం 5 శాతం బీఎస్‌ఏలో (పశువు రక్తం నుంచి తీసిన అల్బుమిన్). నేను రెండు రకాలుగానూ చేశాను. బీఎస్‌ఏతో బ్లాక్ చేస్తే బ్యాక్‌గ్రౌండ్ కాస్త మురికిగా వచ్చింది, పాలతో శుభ్రంగా ఉంది, బ్యాండ్ ఏమీ తగ్గలేదు. మా ల్యాబ్‌లో పాలపొడితో ఉన్న అసలు సమస్య వేరు. సాయంత్రం నాలుగింటికి డబ్బా బరువు తగ్గుతుంది. కెమికల్ బ్యాలెన్స్ పక్కన పెట్టిన పాలపొడితో టీ పెట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

డైల్యూషన్ 1:2000 అని ఉంటుంది, వెస్టర్న్‌కు. దాన్ని దాటి గాఢంగా వాడాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ఏ431 సెల్స్‌తో అయితే ఎక్కువయ్యే ప్రమాదమే ఎక్కువ. వాటిలో ఈజీఎఫ్ రిసెప్టర్లు కుప్పలు తెప్పలు. ఒకసారి జూనియర్ అబ్బాయి మామూలుగా వేసినంత ప్రోటీనే వేసి, 1:1000 లో యాంటీబాడీ, పైగా ఘాటైన ఈసీఎల్ (బ్యాండ్ దగ్గర వెలుగు పుట్టించే ద్రావణం) వాడాడు. బ్యాండ్ నడుమ తెల్లగా బోలుగా, గారెకు చిల్లు పెట్టినట్టు వచ్చింది. "అక్కా, యాంటీబాడీ మధ్యలో అంటుకోలేదు" అన్నాడు. అంటుకోవడం ఎక్కువై, అక్కడున్న హెచ్‌ఆర్‌పీ (ప్రైమరీని పట్టుకునే సెకండరీ యాంటీబాడీకి తగిలించిన ఎంజైమ్) ఫొటో తీసేలోపే ఈసీఎల్‌లోని సబ్‌స్ట్రేట్ మొత్తం కాల్చేసింది. ప్రోటీన్ సగం చేసి, 1:4000 లో పెట్టించాను. నల్లగా, నిండుగా వచ్చింది.

డబ్బు లెక్క. దిగుమతి యాంటీబాడీలన్నిటి ధరా చూస్తే గుండె గుభేలుమంటుంది, ఇది మినహాయింపేమీ కాదు. అందుకే మెంబ్రేన్ మొత్తం ముంచం. 35, 55 మార్కర్ల మధ్య పట్టీలా కోసి, 4 మిల్లీలీటర్లు పట్టే చిన్న డబ్బాలో పెడితే 2 మైక్రోలీటర్లతో పని అయిపోతుంది. వాడిన ద్రావణాన్ని పారబోయం. చిటికెడు సోడియం ఎజైడ్ వేసి, గొట్టం మీద తేదీ, ఎన్నోసారి అన్నది రాసి 4 డిగ్రీల్లో పెడతాం. ఇలా దాచుకోమని కంపెనీ చెప్పదు, నేనూ చెప్పడం లేదు, మేం చేసేది చెప్తున్నానంతే. మూడోసారి దాకా తేడా కనపడలేదు. నాలుగోసారి 42 నిలబడింది కానీ 44 బలహీనపడింది. పేపర్‌లోకి వెళ్లే బ్లాట్‌కు ఎప్పుడూ తాజాదే. ఇంకోటి, ఎజైడ్ హెచ్‌ఆర్‌పీని చంపేస్తుంది, కాబట్టి సెకండరీ యాంటీబాడీలో పొరపాటున కూడా వేయొద్దు. ఆ పొరపాటు చేసినవాళ్లు మా ల్యాబ్‌లో ఉన్నారు, పేరు చెప్పను, ఈ రివ్యూ రాస్తున్నారు.

దీన్ని వదిలేసి ఇంకోదానికి వెళ్లిన ఒక సంవత్సరం కూడా ఉంది. ప్రాజెక్టు చివరి ఏడాది, గ్రాంట్ అడుగంటింది. మార్చి 31 లోపు ఖర్చు చూపించాలి, చూపించడానికి డబ్బు లేదు. సార్ పిలిచి, "అమ్మా, ఇంకో కంపెనీది సగం ధరకే ఉందట, అదే ఫాస్ఫో ఎర్క్ కదా" అన్నారు. పాలీక్లోనల్. తెప్పించాం. 42 దగ్గర బ్యాండ్ వచ్చింది, బలంగానే. అందరం సంతోషించాం. మెక్‌ను ఆపే యూ0126 వేసిన లేన్‌లోనూ అదే బ్యాండ్ అంతే బలంగా ఉంది. డోస్ పెంచాం, గంటలు పెంచాం. మెక్ ఆగినా బ్యాండ్ ఆగలేదు. అప్పుడు మెంబ్రేన్‌ను లాంబ్డా ఫాస్ఫటేజ్‌తో నానబెట్టి ఫాస్ఫేట్లన్నీ తీసేశాం. అయినా బ్యాండ్ ఉంది. అంటే అది ఫాస్ఫేట్‌ను చూడటమే లేదు, మామూలు ఎర్క్‌నో, ఆ బరువులోనే ఉండే మరో ప్రోటీన్‌నో పట్టుకుంటోంది. సగం ధరకు కొన్నందుకు మూడు నెలలు పోయాయి. ఆ కంపెనీ పేరు రాయను. వాళ్ల అన్ని గొట్టాలూ ఇలాగే ఉంటాయని నాకేం తెలుసు? నాకు తెలిసింది ఆ ఒక్క గొట్టమే.

పాలీక్లోనల్ అయితే ఒక జంతువు రక్తంలోని రకరకాల యాంటీబాడీల కలగలుపు. ఆ జంతువు పోతే అదే కలగలుపు మళ్లీ దొరకదు, తర్వాతి లాట్ ఎలా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. మోనోక్లోనల్ అంటే ఒకే క్లోన్ (ఒకే కణం సంతతి) నుంచి. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఎలుక కణాలతో దారి వేసిన పద్ధతి అది. కుందేలుకు దాన్ని తీసుకురావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. తొమ్మిదేళ్లలో నేను ఈ 4370 లాట్లు ఎన్ని మార్చానో లెక్క లేదు, బ్యాండ్ మాత్రం మారలేదు. 2015లో నేచర్‌లో బ్రాడ్‌బరీ, ప్లుక్తున్ రాసిన వ్యాసానికి వందమందికి పైగా శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టారు. యాంటీబాడీలకు అసలు నిర్వచనం వాటి సీక్వెన్స్‌తోనే ఉండాలన్నది వాళ్ల వాదన. ఆ వ్యాసాన్ని జర్నల్ క్లబ్‌లో చదివినప్పుడు కాస్త అతిగా అనిపించింది. సగం ధర గొట్టం తర్వాత అనిపించలేదు.

అలాగని ఇందులో లోటుపాట్లు లేవని కాదు, ముందే తెలుసుకుని కొనాలి. రెండు ఫాస్ఫేట్లూ ఉన్నా, త్రియోనిన్ మీద ఒక్కటే ఉన్నా ఇది పట్టుకుంటుంది. ఎర్క్ పూర్తిగా పనిలోకి దిగాలంటే రెండూ ఉండాలి. కాబట్టి బ్యాండ్ రెట్టింపైతే పని రెట్టింపైందని రాయకండి. రివ్యూయర్ ఒకాయన నన్ను ఇక్కడే పట్టుకున్నాడు, కైనేజ్ అస్సే (ఎర్క్ చేసే పనిని నేరుగా కొలిచే పరీక్ష) చేసి చూపించాల్సి వచ్చింది.

ఇంకొకటి జత సమస్య. ఫాస్ఫో ఎర్క్ ఒక్కటే చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు, పక్కన మొత్తం ఎర్క్ ఉండాలి. చాలామంది దీనికి జతగా అదే కంపెనీ 137ఎఫ్5 క్లోన్ కొంటారు. అదీ కుందేలే, బరువూ అదే. కాబట్టి మెంబ్రేన్‌ను స్ట్రిప్ చేయక (మొదటి యాంటీబాడీని కడిగి ఊడదీయక) తప్పదు. స్ట్రిప్ సరిగ్గా కాకపోతే పాత ఫాస్ఫో బ్యాండే మొత్తం ఎర్క్ వేషం వేసుకుని వస్తుంది, మనం "లోడింగ్ సమానంగా లేదే" అని జుట్టు పీక్కుంటాం. స్ట్రిప్ చేశాక సెకండరీ ఒక్కటే వేసి ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. నేను ఆ గొడవ వదిలేసి, మొత్తం ఎర్క్‌కు ఎలుక యాంటీబాడీ ఎల్34ఎఫ్12 కు మారాను. ఫ్లోరసెంట్ స్కానర్ ఉన్న పక్క ల్యాబ్ వాళ్ల కాళ్లావేళ్లా పడితే ఒకే మెంబ్రేన్ మీద కుందేలు ఒక రంగులో, ఎలుక ఒక రంగులో కనిపిస్తాయి.

లోడింగ్ కంట్రోల్‌గా (అన్ని లేన్లలోనూ ప్రోటీన్ సమానంగా వేశామని చూపించేందుకు) బీటా యాక్టిన్ మాత్రం వద్దు. దాని బరువు కూడా 42, 43 దగ్గరే. ఎర్క్2 మీద కూర్చుంటుంది. ఇంత తేలికైన విషయం నాకు థీసిస్ రెండో ఏడాది దాకా తట్టలేదు. జీఏపీడీహెచ్ 37 దగ్గర ఉంటుంది, పట్టీలో పక్కపక్కనే ఇరుకు. నేను విన్‌క్యులిన్ వాడతాను, 120 పైచిలుకు, మెంబ్రేన్ పై ముక్క ఎలాగూ ఖాళీగానే ఉంటుంది.

రెండు బ్యాండ్లు విడివిడిగా రావాలంటే 10 శాతం జెల్‌ను డై కారిపోయాక కూడా కాసేపు నడపాలి. తొందరపడి ఆపితే 44, 42 కలిసి ఒకే లావుపాటి గీతలా వస్తాయి. చాలా సెల్స్‌లో 42 లావుగా, 44 సన్నగా ఉంటుంది, అది తప్పు కాదు.

వెస్టర్న్ కాకుండా మిగతా వాడకాల్లో నా అనుభవం తక్కువ. కవర్‌స్లిప్ మీద మైక్రోస్కోపీకి బాగా పనిచేసింది. ఈజీఎఫ్ వేసిన కొద్ది నిమిషాల్లో సైటోప్లాజమ్‌లో పొగలా ఉన్న కాంతి న్యూక్లియస్‌లోకి వెళ్లి చేరడం ప్లేట్ తర్వాత ప్లేట్‌లో చూడటం భలే ఉంటుంది. ట్యూమర్ బ్లాక్‌ల (ఫార్మలిన్‌లో వేసి, మైనంలో పెట్టిన గడ్డ ముక్కల) మీద మాత్రం జాగ్రత్త. ఒక ఆసుపత్రి నుంచి వచ్చిన స్లైడ్లలో గడ్డ అంచు చుట్టూ గోధుమ రంగు గట్టిగా, మధ్యలో ఏమీ లేకుండా వచ్చింది. క్యాన్సర్ పక్కకు చొరబడే (ఇన్వేజన్) చోట సిగ్నల్ అని మా కుర్రవాళ్లు కథ అల్లేశారు. ఫార్మలిన్ అంచు నుంచి లోపలికి మెల్లగా దిగుతుంది, అది చేరేలోపు నడిమధ్య ఫాస్ఫేట్లు ఊడిపోతాయి. ముక్క కోసి ఎంతసేపటికి ఫార్మలిన్‌లో వేశారని కనుక్కుంటే, రిజిస్టర్‌లో ఆ గడే లేదు. సీసాలోకి ఎప్పుడు చేరిందో తెలియని ముక్క మీద ఏ ఫాస్ఫో యాంటీబాడీ వేసినా ఏం లాభం?

ఏ375 మెలనోమా సెల్స్ ఉన్నవాళ్లకు చిన్న చిట్కా. వాటిలో బీరాఫ్ వీ600ఈ మ్యుటేషన్ ఉంటుంది కాబట్టి ఈజీఎఫ్ లేకుండానే ఫాస్ఫో ఎర్క్ ఎప్పుడూ మండుతూ ఉంటుంది. మెక్‌ను ఆపే మందు ట్రామెటినిబ్ వేస్తే చప్పున ఆరిపోతుంది. ఈ రెండు లేన్లు ప్రతి జెల్‌లోనూ ఒక మూల వేసుకుంటే చాలు, వెలిగినది వెలిగిందా, ఆరినది ఆరిందా అన్నది తేలిపోతుంది. ఇవి సరిగ్గా ఉండి మీ శాంపిల్ సరిగ్గా లేకపోతే కస్టమర్ కేర్‌కు మెయిల్ రాసే పని లేదు, కల్చర్ రూమ్‌కు వెళ్లండి.

మొదటిసారి కొనేవాళ్లు 20 మైక్రోలీటర్ల చిన్న సైజు తీసుకోండి. పట్టీలు కోసి వాడితే పది బ్లాట్లు వస్తాయి, చేయి తిరగడానికి అది చాలు. డేటాషీట్‌లో గొట్టాన్ని చిన్న చిన్న భాగాలు చేయొద్దని ఉంటుంది, చేయకండి. గ్లిసరాల్ చిక్కగా ఉంటుంది కాబట్టి పిపెట్ టిప్‌ను లోతుగా ముంచితే బయట అంటుకున్నదే ఒక మైక్రోలీటర్ పోతుంది. టిప్ కొన తగిలిస్తే చాలు. మా జూనియర్ అమ్మాయికి ఇది నేర్పడానికి ముందు వట్టి గ్లిసరాల్ మీద వారం రోజులు ప్రాక్టీస్ చేయించాను. నన్ను రాక్షసి అనుకుని ఉంటుంది.

నిరుడు వేసవిలో ఆ అమ్మాయి తన మొదటి బ్లాట్ పట్టుకుని వచ్చింది. తెల్లగా ఉంది. "అక్కా, యాంటీబాడీ అయిపోయినట్టుంది" అంది. నేను గొట్టం ముట్టుకోలేదు. వెనడేట్ ఏ రంగులో ఉందని అడిగాను.

మొన్న కొత్తదానికి ఇండెంట్ పెట్టాను. పర్చేజ్ సెక్షన్ వాళ్లు మూడు కొటేషన్లు కావాలన్నారు. ఈ క్లోన్ ఒక్క కంపెనీ దగ్గరే ఉందని రాసి, ప్రొప్రైటరీ సర్టిఫికెట్ మీద సార్ సంతకం తీసుకుని పంపాను. ఫైల్ ఇంకా అకౌంట్స్‌లోనే ఉంది. గొట్టంలో ఎనిమిది మైక్రోలీటర్లు మిగిలాయి. రెండేసి చొప్పున నాలుగు బ్లాట్లు, వాటిలో ఒకటి జూనియర్ అమ్మాయికి మాటిచ్చాను.